బావిలో గళ్ల చొక్కా

ఆ శనివారం పొద్దున్నే లక్ష్మీకాంతమ్మ భర్త గళ్ల చొక్కాలోనూ పాత ప్యాంటులోనూ వరిగడ్డి కూరి, బరువుకు ఒక రాయి కట్టింది. ముప్పై ఏళ్లు సూర్యాపేట బడిలో పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన మనిషి ఆమె. ఇక మిగిలిన కాలం తెరచాప పడవ మీద కృష్ణ దాటి సముద్రం దాకా తిరగాలని పట్టుబట్టి, హుస్సేన్ సాగర్‌లో శిక్షణకు చేరింది. పడవ నడపడం వచ్చింది. నీళ్లలో పడిన మనిషిని తాడు విసిరి కాపాడే పరీక్ష మాత్రం ఒకసారి తప్పింది. మళ్లీ రేపే.

"రేపు గూడ తప్పితే ఇగ పడవ ముచ్చట ఇంట్ల తీయద్దు," అన్నాడు భర్త జగదీశ్. నీళ్ల మీద ఆయనకు బకెట్లో ఉన్నంతవరకే నమ్మకం.

"తీయను. పాసైతే మాత్రం నువ్వు నోరు తెరవద్దు," అంది ఆమె.

ఫోను చార్జింగులో వదిలేసి జగదీశ్ కటింగుకు మునగాల బజారుకు పోయాడు. ఆమె గడ్డిమనిషిని ఆటోలో వేసుకుని ఊరవతల తమ పొలం బావికి వెళ్లింది. చెప్పులు ఒడ్డున విడిచి, బొమ్మను నీళ్లలోకి తోసి, తాడు కట్టిన ట్రాక్టర్ ట్యూబు విసరడం మొదలుపెట్టింది.

బర్రెలు తోలుకుపోతున్న బిచ్చా బావిలోకి తొంగిచూశాడు. బోర్లా తేలుతున్న గళ్ల చొక్కాను వెంటనే గుర్తుపట్టాడు. పెళ్లికైనా పేరంటానికైనా సారు వేసుకొచ్చేది అదే. ఒడ్డున చెప్పులు కూడా ఉన్నాయి. బావి ఒడ్డున చెప్పులుంటే ఆ వైపు అర్థం ఒక్కటే.

"టీచరమ్మా, సారు ఎప్పుడు దునికిండు?"

"సారు గాదు, గడ్డి. జర పక్కకు జరుగు, గురి తప్పుతున్నది."

పాపం, దుఃఖంతో మతి చలించిందనుకుని బిచ్చా ఊళ్లోకి ఫోను చేశాడు. ఊరివాళ్లు కోదాడలో ఉన్న జగదీశ్ చెల్లెలు సత్తమ్మకు చేశారు. సత్తమ్మ మిర్యాలగూడ చుట్టాలకు చేసింది. వాళ్లు జగదీశ్‌కే చేశారు. ఎత్తలేదు. చచ్చినవాడు ఎలా ఎత్తుతాడని అంతా ఖాయం చేసుకున్నారు.

రెండు గంటల్లో బావి చుట్టూ జనం నిండిపోయారు. కోదాడ నుంచి పూలదండ, మిర్యాలగూడ నుంచి డప్పులు దిగాయి. పోలీసులు వచ్చేదాకా శవాన్ని ముట్టొద్దన్నారు పెద్దమనుషులు. అది గడ్డి అని లక్ష్మీకాంతమ్మ మూడుసార్లు చెప్పింది. ఆడమనిషి మాట చెవిన పెట్టని జనం కోసం సాధన ఎందుకాపాలని ఆమెకు ఒళ్లు మండింది. ఏడ్చేవాళ్లను ఏడవనిచ్చి మళ్లీ ట్యూబు విసిరింది.

కటింగుకు ఆలస్యంగా వంతు దొరికిన జగదీశ్, తమ బావిలో పీనుగ తేలిందని బజారులో వినగానే సగం కటింగుతో పరుగెత్తుకొచ్చాడు. జనం అడ్డుండి భార్య కనిపించలేదు, ఆమె చెప్పులే కనిపించాయి. పీనుగ ఆమేననుకున్నాడు. చావు జరిగిన చోట, వచ్చినవాళ్ల మెడ పట్టుకుని ఏడవడం అక్కడి ఆనవాయితీ. ఎవరి మెడ అని ఎవరూ చూడరు. సత్తమ్మ కళ్లు మూసుకుని ఆయన మెడకు చుట్టుకుంది.

"బంగారమసొంటి మనిషి పాయె..."

"పొద్దుగాలనే కొట్లాడిన సత్తమ్మా," అని ఆయనా భోరుమన్నాడు. "పడవ నడుపుకోనిస్తే నా సొమ్మేం పోతుండె."

కడసారి చూపుకని ఒడ్డు దాకా పోయి వంగాడు. నీళ్లలో తన చొక్కానే కనబడింది. ఆ దిమ్మెరలో కాలు జారి బావిలో పడ్డాడు.

చచ్చినవాడు వచ్చి మళ్లీ దూకాడని జనం వెనక్కి ఉరికారు. సత్తమ్మ అందరికంటే ముందుంది. లక్ష్మీకాంతమ్మ తాడు సర్దుకుని విసిరింది. ట్యూబు వెళ్లి సరిగ్గా ఆయన తల మీద పడింది.

"గట్టిగ పట్టుకో. గుంజుతున్న. ఊకె అరవకు," అంటూ మెట్ల దాకా లాగింది.

మెట్ల మీద కూలబడి జగదీశ్ నీళ్లు కక్కాడు. "తప్పైంది," అన్నాడు.

"సత్తమ్మ మెడ పట్టుకొని నువ్వన్న మాట అందరు ఇన్నరు. రేపు నాతోని రా. పరీక్షల నీళ్లల్ల పడేటందుకు ఒక మనిషి కావాల్నట."

ఆదివారం ఆమె పాసైంది. నీళ్లలో తేలుతున్న జగదీశ్ ఒప్పందం ప్రకారం నోరు తెరవలేదు, తెరిస్తే హుస్సేన్ సాగర్ లోపలికి వచ్చేది.