వేలెడు తేడా

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తాకు ఆ ఆదివారం పొద్దున ఉన్న పని ఒక్కటే. నలభై కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఆఫీసు జట్టులోని నాలుగు చోట్లలో ఒకటి దక్కించుకోవాలి. పోటీకి వచ్చేది అయిదుగురే. మూడేళ్లుగా ఆ అయిదోవాడు ఇతనే. అందుకే ఈసారి చక్రాల్లో గాలి, మేజోళ్ల మందం, సీటు ఎత్తు అన్నీ చూసుకుని పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు.

తన వంతు రాగానే గీత దగ్గర సైకిలెక్కితే కాలు తేడాగా ఆనింది. సీటు వేలెడు కిందికి దిగి ఉంది. సరిచేద్దామంటే సంచిలో పానా లేదు. వెనక వరుసలో తన వంతు కోసం నిలబడ్డ బావమరిదిని చూసేసరికి ఒళ్లు మండిపోయింది. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి గంటసేపు కూర్చున్నది వీడే మరి.

"అక్క ఇంట్లో టీ తాగి చేసే పని ఇదా?"

"నేనేం చేశాను బావా?"

"నా సీటు దించావు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

"నా మొహం పుట్టినప్పట్నుంచీ ఇంతే బావా."

విజిల్ మోగింది. గుమాస్తా దారిపొడుగునా పళ్లు నూరుతూనే తొక్కాడు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఠంచనుగా మొదలయ్యే మోకాలినొప్పి ఆరోజు రాలేదు. ఆ సంగతి గమనించే తీరిక అతనికెక్కడిది? మనసులో ఫిర్యాదు తయారవుతోంది. జనం తెచ్చే ఫిర్యాదుల్లో లొసుగులు వెతికి తిప్పి పంపడమే అతని ఉద్యోగం. ఎవరూ తిప్పి పంపలేని ఫిర్యాదు ఎలా రాయాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

సైకిలు దిగుతూనే రాసి కోచ్ చేతిలో పెట్టాడు. తన సీటు ఎవరో దించారు కాబట్టి ఈరోజు సమయం చెల్లదని, బదులుగా పోయిన నెల తొక్కిన గంటన్నరనే లెక్కలోకి తీసుకోవాలని అందులో ఉంది.

"టైములు చదివాక ఇవ్వకూడదా?" అన్నాడు కోచ్.

"చదివాక ఇస్తే ఓడినవాడి ఏడుపంటారు. ఫలితం ఏదైనా వెనక్కి తీసుకోనని కింద రాశాను, చూడండి. ముందు సంతకం పెట్టండి."

కోచ్ పెట్టాడు. ఇంతలో నీళ్ల సీసాతో భార్య వచ్చి గొడవేమిటని అడిగింది.

"మీ తమ్ముడు నా సీటు దించాడు."

"వాడెందుకు దించుతాడు? నేనే దించాను. నెలరోజులుగా మోకాలు, మోకాలు అని మూలుగుతున్నారుగా. సైకిలు షాపతన్ని అడిగితే సీటు మరీ ఎత్తుందన్నాడు. చెబితే మీరు వింటారా? పానా ఇంట్లో బల్లమీదే ఉండిపోయింది."

గుమాస్తా నోరు తెరిచేలోగా కోచ్ టైములు చదివాడు. గుమాస్తాది గంటా ఇరవై రెండు నిమిషాలు, అందరికన్నా తక్కువ. అందరికన్నా ఎక్కువ బావమరిదిది, గంటా ఇరవై తొమ్మిది.

"అంటే నేనే మొదటివాణ్ణి," అన్నాడు గుమాస్తా.

"మీరు కోరినట్టే గంటన్నర వేశాను. అయిదోవారు."

గుమాస్తా కాగితం లాక్కుని ఒక్క లొసుగైనా దొరక్కపోతుందా అని మూడుసార్లు చదివాడు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో అంత చక్కటి ఫిర్యాదు అతని చేతికి ఎన్నడూ రాలేదు.