ట్రే నిండింది

ఆరోగ్యశాఖ పెద్దల్లారా, సిక్స్‌టెన్ రక్తాన్ని ఫ్రిజ్‌లో కూర్చోబెట్టింది మీరే!

స్వీడన్‌లో ఈ సిక్స్‌టెన్ అనే ఆయన తన ఇంటి కప్పు మీద మంచు తోస్తూ జారిపడ్డాడు. కాళ్ళు కదలడం లేదు. వెన్నుపాము ఎంత దెబ్బతిందో రక్తంలోకి కారిన నరాల ప్రోటీన్ చెబుతుందట. ఆ అంకె చేతికొస్తే, శుక్రవారంలోగా స్టాక్‌హోమ్ పునరావాస కేంద్రంలో పడక అడగొచ్చని డాక్టరమ్మ చెప్పింది. రక్తం ల్యాబ్‌కి వెళ్ళింది. వెనకాలే అతని భార్య గున్‌వోర్ వెళ్ళింది.

ఉత్తర దేశాలకే తలమానికమైన యంత్రం అక్కడ తళతళలాడుతోంది.

"రక్తపు గొట్టాలతో ట్రే నిండితేనే యంత్రం తిప్పుతామమ్మా," అన్నాడు ల్యాబ్ అధికారి ఫోల్కె. "సగం ట్రే తిప్పితే ప్రజాధనం దుబారా."

"నిండాలంటే ఇంకా ఎంతమంది కప్పుల మీంచి పడాలయ్యా?"

"కంగారుపడకండి. వారమంతా మంచేనట."

గురువారం ఆరోగ్యమంత్రి టోరె ఆ యంత్రం ప్రారంభోత్సవానికి దయచేశాడు. ఈ దేశంలో మంత్రినైనా పేరు పెట్టి పిలవొచ్చు. అంతకుమించి చేయగలిగిందేమీ లేదు.

"టోరే, ట్రే నిండలేదని మా ఆయన రక్తం ఫ్రిజ్‌లో పడేశారు!"

మంత్రి కళ్ళు చెమ్మగిల్లాయి. "నేనుండగా నిండకపోవడమేంటి?" అని తన రక్తమివ్వడానికి చొక్కా చెయ్యి మడిచాడు. కార్యదర్శి మడిచాడు. పార్టీ జిల్లా శాఖ యావత్తూ మడిచింది. తోసుకోవడాల్లేవు. ఒక్కొక్కరే గుమ్మం దగ్గర టోకెన్ తీసుకుని, దాల్చినచెక్క బన్ను నములుతూ తమ నంబరు కోసం నిలబడ్డారు. ఎంత క్రమశిక్షణ!

ట్రే నిండింది. యంత్రం తిరిగింది. చప్పట్లు.

"మా ఆయనది ఏ గడిలో ఉంది?"

"లేదమ్మా. ఆయనకి టోకెన్ లేదుగా. పేషెంటు స్వయంగా వచ్చి తీసుకోవాలి."

"నడవలేడయ్యా! పరీక్ష అందుకేగా!"

"నడిచేవాళ్ళకో రూలు, నడవలేనివాళ్ళకో రూలు పెడితే సమానత్వం ఏమైపోవాలి?"

శుక్రవారం పొద్దున్నే పేపర్లో మంత్రి ప్రకటన వచ్చింది: "పరీక్షించినవారిలో ఒక్కరికీ వెన్ను దెబ్బ లేదు. ఈ విజయం దృష్ట్యా పునరావాస పడకలు తగ్గిస్తున్నాం."

గున్‌వోర్ చదివి, పేపరు చెత్తబుట్టలో పడేసింది. నర్సును సాయం పట్టి వార్డులోంచి సిక్స్‌టెన్‌ను మంచంతో సహా ల్యాబ్ గుమ్మం దాకా తోసుకొచ్చింది. అతనే చెయ్యి చాచి మీట నొక్కాడు. టోకెన్ వచ్చింది.

"శుభం," అన్నాడు ఫోల్కె. "ఇక కొత్త ట్రే నిండడమే తరువాయి."

గున్‌వోర్ మంచాన్ని గుమ్మానికి అడ్డంగా తిప్పి, బ్రేకు వేసింది.

"ఒక్క గొట్టంతోనే తిప్పండి. ఇప్పుడే! అందాకా మీలో ఒక్కరు కూడా బన్ను తినడానికి బయటికి పోరు."