సగం దించిన షట్టర్

మహాదేవప్ప ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి సైకిల్ షాపు మూయాలి. తలకు రుమాలు చుట్టుకుని వెనక సందులోంచి సినిమా హాలుకు పోవాలి. ఆట చూసి, ఏమీ ఎరగనట్టు వచ్చి పంక్చర్లు వేసుకోవాలి. ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా పక్క షాపు దర్జీ ముఖ్తార్‌కు తెలియకూడదు.

జహీరాబాద్‌లో ఆ బజారుకు ఏజెంట్ బాజ్ సినిమాలంటే ప్రాణం. అప్పటికి పదకొండు సినిమాలు వచ్చాయి. మొదటి ఏడింటిలో ఒక హీరో, ఎనిమిదో దాని నుంచి ఇంకొకడు. బజారు కూడా అక్కడే రెండుగా చీలింది.

"ఏజెంటంటే నడవాలె. ఉరుకుడేంది, పోకిరోని లెక్క? మా పాతోడు ఏడు సినిమాలల్ల ఒక్కసారన్న ఉరికిండా?" అనేవాడు మహాదేవప్ప.

"ఉరకాలంటె మోకాళ్లుండాలె గద మహాదేవన్నా! మీవోడు దుష్మన్‌ను పట్టుకునే వరకు ఆ దుష్మన్‌కే ముసలితనం వస్తది" అనేవాడు ముఖ్తార్, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

ఎనిమిదో సినిమా వచ్చినప్పుడు మహాదేవప్ప భార్య అనంతమ్మ, ముఖ్తార్ భార్య తాజ్ బేగంతో కలిసి పోయి చూసింది. ఇంటికొచ్చి, "కొత్త పిలగాడే నయం. అచ్చం నీ లెక్కనే ఉన్నడు" అంది. మహాదేవప్ప రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పైగా బజారులో అందరి ముందూ నిలబడి, ఆ కొత్తవాడి మొహం జన్మలో చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆరు నెలలకు అనంతమ్మ జ్వరంతో పోయింది. 'నా లెక్క ఎట్ల?' అని అతను అడగనే లేదు.

ఇది జరిగి మూడేళ్లు. ఇప్పుడు అదే ఎనిమిదో సినిమా మళ్లీ వచ్చింది. ఒక్క రోజు, ఒక్క ఆట.

పదకొండింటికి మహాదేవప్ప షట్టర్ గుంజాడు. మూడేళ్లుగా నూనె ఎరగని షట్టర్ సగంలో ఇరుక్కుంది. ఇంకో రెండుసార్లు గుంజాడు, ఒకసారి తన్నాడు, ఆటకు టైమవుతోందని వదిలేసి పోయాడు.

ఆ బజారులో ఒక రివాజు ఉంది. ఎవరింట్లోనైనా చావు జరిగితే వాళ్ల షాపు షట్టర్ సగం దించుతారు. అది చూసి మిగతా వాళ్లూ సగం దించుతారు. ఎవరు, ఎట్లా అని ఆ ఇంటివాళ్లను అడగరు. అడగడం మర్యాద కాదు.

ముందు ముఖ్తార్ చూశాడు. మిషన్ ఆపి తన షట్టర్ సగం దించాడు. ఎదురుగా హోటల్ చంద్రప్ప పొయ్యి ఆర్పి తనదీ దించాడు. పావుగంటలో నలభై షట్టర్లు సగానికి వచ్చాయి.

"మహాదేవన్న ఇంట్ల ఎవరు పోయిన్రు?" అన్నాడు చంద్రప్ప గొంతు తగ్గించి.

"ఆ ఇంట్ల ఉండేదే ఒక్కడు" అన్నాడు ముఖ్తార్. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వెనక సందులో ఉన్న ఇంటికి పోతే తాళం. తాళం ఉందంటే దవాఖానకు తీసుకుపోయారన్నమాట. దవాఖానలో అడిగితే, పొద్దున ఒక పెద్దమనిషి పోయాడనీ, న్యాల్‌కల్ వాళ్లు వచ్చి తీసుకుపోయారనీ చెప్పారు. మహాదేవప్ప సొంతూరు న్యాల్‌కల్. ఇక అడగడానికేమీ మిగల్లేదు.

బాజ్ అభిమానికి బాజ్ తెర మీదే నివాళి పడాలని ముఖ్తార్ కళ్లు తుడుచుకుని సినిమా హాలుకు నడిచాడు. బజారు బజారంతా వెంట నడిచింది. మేనేజర్ రేవణసిద్ధప్ప విషయం విని, ఇంటర్వెల్‌లో తెర మీద వేసే అద్దం ముక్క మీద తానే సిరాతో రాశాడు.

లోపల మహాదేవప్ప నేల టికెట్టులో, స్తంభం పక్కన ఒదిగి కూర్చున్నాడు. ఏజెంట్ బాజ్ దుష్మన్ వెంట సైకిల్ మీద పోతున్నాడు. గొలుసు ఊడింది. కొత్త హీరో దుమ్ములో గొంతుక్కూర్చుని, గొలుసును మొదట వెనక చక్రం పళ్లకు తొడిగి, పెడల్ దగ్గరి పెద్ద పళ్లకు సగం తగిలించి పెడల్ తిప్పాడు. తర్వాత మసి చేతిని పిక్కకు తుడుచుకున్నాడు. మహాదేవప్ప తన ధోవతి వైపు చూసుకున్నాడు. పిక్క దగ్గర నల్లటి మరక. ఇరవై ఏళ్లు ఆ మరక కోసమే అనంతమ్మ తిట్టింది.

ఇంటర్వెల్‌లో తెర మీద అక్షరాలు పడ్డాయి: 'ఏజెంట్ బాజ్ అభిమాని, సైకిల్ షాపు మహాదేవప్ప గారికి శ్రద్ధాంజలి. రెండు నిమిషాలు మౌనం.' హాలంతా లేచి నిలబడింది. మహాదేవప్ప కూడా నిలబడ్డాడు. కూర్చుంటే అందరూ చూస్తారు.

ముఖ్తార్ తెర ముందుకొచ్చాడు. "మా మహాదేవన్న నోరు మంచిది కాదు. మన బజార్ల ఆయనతోని తిట్లు తిననోడు లేడు. అనంతమ్మక్కను దవాఖాన నుంచి సీదా న్యాల్‌కల్ తీస్కపోయిన్రు. మేం ఇక్కడ రెండు దినాలు షట్టర్లు లేపలే. ఆయనకు ఎవ్వరం చెప్పలే. గది చెప్పుకునే ముచ్చట కాదు." గొంతు సవరించుకున్నాడు. "మూడేండ్లు ఆయనతోని కొట్లాడిన. ఇయాల ఒప్పుకుంటున్న. పాతోడే అసలు బాజ్!"

హాలు ఈలలతో మోగింది. మూడేళ్లుగా మహాదేవప్ప ఎదురుచూసిన మాట. నోరు మూసుకుని, వెనక తలుపులోంచి పోతే గెలుపు అతనిదే. అతనికి నోరు మూసుకోవడం ఎప్పుడూ చేతకాలేదు.

"ఝూట్!" అని రుమాలు పీకేశాడు. "కొత్తోడే నయం! గొలుసు ఎట్ల ఎక్కించిండో చూసినవా?"

నేల టికెట్టు సగం ఖాళీ అయింది. చంద్రప్ప చేతిలో పూలదండ కింద పడింది.

"మహాదేవన్నా! నువ్వు పోయినవ్ గద!" అని అరిచాడు ముఖ్తార్.

"ఇంక సగం సినిమా ఉన్నది. కూసో."

ముఖ్తార్ వచ్చి అతని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. భుజం పట్టుకుని ఊపాడు, తిట్టాడు, మళ్లీ భుజం పట్టుకున్నాడు. దీపాలు ఆరాయి.

"రెండు దినాలా?" అన్నాడు మహాదేవప్ప తెర వైపే చూస్తూ.

"ఏంది?"

"షట్టర్లు."

"రెండు దినాలు."

న్యాల్‌కల్ నుంచి తిరిగొచ్చేసరికి షాపులన్నీ తెరిచి ఉంటే, తన భార్య చావుకు ఈ బజారు ఒక్క షట్టర్ దించలేదని మూడేళ్లు కడుపులో పెట్టుకున్నాడు. ఇప్పుడు రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. తెర మీద హీరో హీరోయిన్ మంచులో దొర్లుతూ నవ్వుతున్నారు. అది ఏడ్చే చోటు కాదు.

మర్నాడు పొద్దున ముఖ్తార్ సైకిల్‌కు కొత్త బ్రేకు రబ్బర్లు వేసి ఉన్నాయి. ఎవరు వేశారని అతను అడగలేదు. నాలుగు వందల మంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేక పాతవాడి తరఫున వాదన మొదలుపెట్టాడు. మహాదేవప్ప షట్టర్‌కు నూనె వేస్తూ, కొత్తవాడి తరఫున తిట్లు అందుకున్నాడు.

బజారు తన రివాజును మార్చుకోలేదు గానీ, ఇప్పుడు షట్టర్ సగం దిగితే ముందుగా నేల టికెట్టులో వెతికి వస్తారు.