ఒకే అడ్రస్ ఉన్న కుటుంబాలకు మాత్రమే

పాటల యాప్‌ల వాళ్లు రేట్లు పెంచితే లోకమంతా తిడుతుంది. తిట్టకూడదు! వాళ్లు ఏడాదికోసారి కాదు, నెలకోసారి పెంచాలి. ప్లాన్ల పేర్లు మార్చాలి, రూల్స్ మార్చాలి, మార్చిన రూల్స్‌ను మళ్లీ మార్చాలి. మన మేలు కోరి ఇంతగా వెంటపడేవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి? సొంత మేనమామైనా పండుగకో పబ్బానికో ఫోన్ చేస్తాడు. కంపెనీ మాత్రం ‘ప్రియమైన ఓంప్రకాశ్ గారూ’ అంటూ వారానికి మూడు మెసేజ్‌లు పెడుతుంది.

నమ్మకం కుదరకపోతే సిరిసిల్ల ఓంప్రకాశ్ సంగతి వినండి.

ఓంప్రకాశ్‌కు యాభై రెండేళ్లు. మరమగ్గాల షెడ్డులో మెకానిక్. నలభై మగ్గాల చప్పుడు మధ్య ముప్పై ఏళ్లు పనిచేసేసరికి ఆయన చెవులు మామూలు మాటలను లెక్కచేయడం మానేశాయి. భార్య మమతారాణి బీడీల చాట ఒళ్లో పెట్టుకుని రెండు మూడు సార్లు పిలిస్తే గానీ పలకడు. అదే ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడంటే పాటలో ఎక్కడో వెనకాల మోగే గజ్జె కూడా వినపడుతుంది. ఇదేం చెవుడని మమతారాణి చాలాసార్లు అడిగింది. ఆ ప్రశ్న కూడా ఆయనకు వినపడలేదు.

ఈ ఓంప్రకాశ్ ఐదేళ్ల కిందట ‘స్వరసంచి’ అనే యాప్‌లో ఫ్యామిలీ ప్లాన్ తీసుకున్నాడు. కట్టేది ఆయన, వినేది నలుగురు. ఆయన, కరీంనగర్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే కూతురు నిఖిత, మంచిర్యాలలో బొగ్గుగని కార్మికుడి ఇల్లాలైన చెల్లెలు బాలలక్ష్మి, బోథ్‌లో పెళ్లాం పిల్లలతో ఉంటూ ఎరువుల దుకాణం నడిపే తమ్ముడు నిరంజన్. ఎవరికి నచ్చిన పాటలు వాళ్లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒకరు పాట వింటుంటే మిగతా ముగ్గురి ఫోన్లలో వాళ్ల పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. ఏ పాట వింటున్నారో కూడా కనపడుతుంది.

చిక్కల్లా ఒక్కటే. నాలుగేళ్లుగా ఓంప్రకాశ్‌కూ నిరంజన్‌కూ మాటల్లేవు.

కారణం సామాన్యమైనదేమీ కాదు! నిరంజన్ బోథ్‌లో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం కార్డులో పిలిచేవాళ్ల జాబితాకు మొదటి పేరుగా అన్న పేరు రాసిచ్చాడు. ప్రింటింగ్ ప్రెస్సాయన మంచి భక్తుడు. ‘ఓం’ అంటే దేవుడిదే అనుకుని, దాన్ని తీసుకుపోయి కార్డు నెత్తిన, వినాయకుడి బొమ్మ మీద అచ్చేశాడు. కింద ‘ప్రకాశ్’ మిగిలాడు.

ఓంప్రకాశ్ కార్డు చూసి ఫోన్ చేశాడు. “నన్ను సగం చేసినవేంరా?”

“సగమెట్లయితవన్నా? నీ ఓం పోయి దేవుని పక్కన కూసున్నది. ఇంకింత ఇజ్జతే గదా!” అని నిరంజన్ నవ్వాడు.

ఆ నవ్వే కొంప ముంచింది. ఓంప్రకాశ్ గృహప్రవేశానికి పోలేదు. పెద్దన్న లేకుండా పాలు పొంగించాల్సి వచ్చినందుకు నిరంజన్ మొహం మాడింది. ఫోన్లు ఆగిపోయాయి. మధ్యలో బాలలక్ష్మి అటు రెండు మాటలు, ఇటు రెండు మాటలు చెప్పి చెప్పి అలసిపోయింది.

కానీ విచిత్రం చూడండి. ఇద్దరిలో ఎవరూ ఫ్యామిలీ ప్లాన్‌లోంచి తప్పుకోలేదు! నిరంజన్ పేరు తీసేయాలంటే ఓంప్రకాశ్ ఒక్క బటన్ నొక్కితే చాలు. “గా బటన్ ఏడున్నదో దొరుకుతలేదు” అని నాలుగేళ్లుగా చెబుతున్నాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి ఏ మగ్గానికి ఏ నట్టు వదులైందో చెప్పగల మనిషికి, తెర మీద ఎర్రగా కనపడే బటన్ మాత్రం దొరకలేదు.

రోజూ పొద్దున షెడ్డుకు పోయేముందు టీ తాగుతూ యాప్ తెరుస్తాడు. నిరంజన్ పేరు పక్కన పచ్చచుక్క ఉంటుంది. అంటే తమ్ముడు లేచాడు, దుకాణం తెరిచాడు, బాగానే ఉన్నాడు. ఏ పాటో చూస్తాడు. “గిది కూడ ఒక పాటేనా!” అని ఈసడిస్తాడు. మిగతా టీ నింపాదిగా తాగుతాడు.

ఇలా సాగుతుండగా ఒక సోమవారం మెసేజ్ వచ్చింది. ‘మీ సంగీతానుభవాన్ని మరింత మధురం చేయడానికి మా ప్లాన్లలో కొన్ని చిన్న మార్పులు.’

ఎంత మర్యాదైన మాట! ఇక ఆ చిన్న మార్పులు ఇవి. ఇకనుంచి ‘పల్లవి’ అనే ప్లాన్‌లో పాట వినొచ్చు గానీ దాచుకోకూడదు, మధ్యలో సబ్బుల ప్రకటన వస్తే అదీ వినాలి. ‘చరణం’ ప్లాన్‌లో ముప్పై పాటలు దాచుకోవచ్చు, ముప్పై ఒకటోది రావాలంటే మొదటిది పోవాలి. ‘సంపూర్ణం’లో అన్నీ ఉంటాయి, రేటు కూడా సంపూర్ణంగానే ఉంటుంది. ఫ్యామిలీ ప్లాన్ ధర రెట్టింపు. ఐదేళ్లుగా డౌన్‌లోడ్ చేసుకున్న పాటలన్నిటికీ కొత్త ధర కట్టేదాకా తాళం. ఇందులో తప్పేముంది? అంగట్లో కొన్న బెండకాయలు ఐదేళ్లు మన దగ్గరుంటాయా? పాటలు మాత్రం ఎందుకుండాలి!

ఓంప్రకాశ్ పళ్లు కొరుకుతూ కొత్త ధర కట్టేశాడు. అప్పుడు గానీ అసలు రూలు కనపడలేదు. ‘కుటుంబం అనగా ఒకే అడ్రస్‌లో ఉండేవారు. ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు సభ్యులందరూ ఒకే ఇంట్లో ఉండి, ఒకేసారి నిర్ధారణ బటన్ నొక్కవలెను. నొక్కనివారిని కుటుంబం నుంచి తొలగిస్తాము.’

“ఏందట?” అని అడిగింది మమతారాణి.

“నిరంజన్‌ను కుటుంబంల కెళ్లి తీసేస్తరట.”

“నువ్వు తీసేసి నాలుగేండ్లాయె గద” అంది ఆమె, బీడీకి దారం చుడుతూ.

ఈ మాట మాత్రం ఆయనకు ఒక్కసారికే వినపడింది.

మధ్యాహ్నం భోజనం మానేసి షెడ్డు బయట నిలబడి కస్టమర్ కేర్‌కు ఫోన్ కలిపాడు. అరగంట సేపు వేణువు వినిపించారు. దానికి ఏ ప్లానూ అక్కర్లేదు, పూర్తిగా ఉచితం! ఆ తర్వాత ఒకమ్మాయి పలికింది.

“సర్, మీ సభ్యుల అడ్రస్‌లు వేరువేరుగా చూపిస్తున్నాయి.”

“మేమందరం ఒక్క తల్లి కడుపుల పుట్టినం మేడం. గా అడ్రస్ నడువదా?”

“దానికి పిన్‌కోడ్ ఉందా సర్?”

ఓంప్రకాశ్ దగ్గర లేదు.

“నిరంజన్ గారు మీతో ఉంటారా సర్?”

ఆయన ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు. “మొన్నటిదాంక ఉండె” అన్నాడు.

“ఆదివారం ఒక్కరోజు పిలిపించుకోండి సర్. ఇంకేమైనా సహాయం కావాలా?”

ఇంకేం సహాయం కావాలి? నాలుగేళ్లలో ఏ చుట్టం ఇంత సూటిగా చెప్పాడు? కంపెనీ చెప్పింది!

ఆయన వెంటనే బాలలక్ష్మికి ఫోన్ చేశాడు. “చెల్లె, వాన్ని ఆదివారం రమ్మని చెప్పు. నేను పిలుస్తున్ననని చెప్పకు. కంపెనీ పిలుస్తున్నదని చెప్పు.”

బాలలక్ష్మి చెప్పింది. నిరంజన్ జవాబు కూడా ఆమె ద్వారానే వచ్చింది. “అన్నతోని నాకేం పనిలేదక్కా. నాయి నాలుగు వందల పాటలున్నయి. వాటి కోసం వస్త, బటన్ ఒత్తుత, పోత. ఆ ఇంట్ల మంచినీళ్లు కూడ ముట్ట.”

ఆదివారం బాలలక్ష్మి ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ మీద బస్సులో బయలుదేరి, కరీంనగర్‌లో నిఖితను ఎక్కించుకుని మధ్యాహ్నానికే వచ్చింది. మమతారాణి బీడీల చాట అటకెక్కించి మటన్ వండింది. ఓంప్రకాశ్ పొద్దుటి నుంచి గుమ్మానికీ వాకిలికీ మధ్య నడిచాడు. ఎవరైనా అడిగితే సిగ్నల్ కోసమన్నాడు.

నాలుగు దాటాక నిరంజన్ వచ్చాడు. మూడు బస్సులు మారిన చొక్కా నలిగిపోయింది. చేతిలో ఐదు కిలోల కందిపప్పు సంచి ఉంది. “దుకాణంల మిగిలితే తెచ్చిన” అని వదిన చేతికిచ్చాడు. ఎరువుల దుకాణంలో కందిపప్పు ఎట్లా మిగిలిందని ఎవరూ అడగలేదు.

అన్న వైపు చూడకుండా కుర్చీలో కూర్చున్నాడు. రెండు నిమిషాలాగి, “వదినె, జర మంచినీళ్లియ్యి” అన్నాడు.

ఐదింటికి నిఖిత పెత్తనం మొదలైంది. నలుగురూ యాప్ తెరిచారు. ఓంప్రకాశ్ ఇంట్లోనే ఉన్నాడని చూపింది. బాలలక్ష్మి పక్కింట్లో ఉందని చూపింది. నిరంజన్ మానేరు వాగులో ఉన్నాడని చూపింది.

“కాకా, గా కుర్చీల కూసుంటే కాదు. మంచం మీద బాపు పక్కన కూసో” అంది నిఖిత.

నిరంజన్ మంచం ఆ చివర కూర్చున్నాడు. వాగులోంచి ఒడ్డుకొచ్చాడు గానీ ఇల్లు చేరలేదు.

“ఇంక జర జరుగు కాకా.”

జరిగాడు. ఇంకాస్త జరిగాడు. అన్నదమ్ముల భుజాలు తగిలాయి. యాప్ ఒప్పుకుంది.

“ఒకటి, రెండు, మూడు!” అంది నిఖిత. ఓంప్రకాశ్‌కు మూడు వినపడలేదు. ఆయన నొక్కేసరికి మిగతా ముగ్గురూ నొక్కేశారు. తెర ఎర్రబడింది. ‘ఇంకొక్క అవకాశం మాత్రమే.’

 నిరంజన్ అన్న చేయి పట్టుకున్నాడు. నిఖిత మళ్లీ లెక్కపెట్టింది. మూడనగానే అతను ఒక చేత్తో తన బటన్, ఇంకో చేత్తో అన్న వేలు పట్టి అన్న బటన్ నొక్కించాడు.

‘అభినందనలు! మీరు ఒక కుటుంబం.’

ఇలాంటి సర్టిఫికెట్ ఏ తహసీల్దారు ఆఫీసులో ఇస్తారు? ఎన్నిసార్లు తిరిగితే ఇస్తారు? ఇక్కడ రెండు ప్రయత్నాల్లో ఇచ్చేశారు!

నిరంజన్ అన్న చేయి ఇంకా వదల్లేదు. చేయి వైపే చూస్తూ మాట్లాడాడు. “వానకాలంల నాలుగు రోజులు నీ చుక్క వెలుగలే.”

“జరమొచ్చింది.”

“పరేషానై అక్కకు ఫోన్ చేసిన. నీకు చెప్పొద్దన్న.”

“చుక్క నువ్వు కూడ చూస్తవా?”

“చూడ. కనపడుతది.”

వంటింట్లోంచి మమతారాణి గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“గా కార్డు మల్ల అచ్చేయిస్తనని చెప్దామని ఎన్నిసార్లు ఫోన్ చేసిన్నో తెలుసా? ఒక్కనాడన్న ఎత్తినవా?”

“వినపడలే” అన్నాడు ఓంప్రకాశ్.

“నాలుగేండ్లు వినపడలేదా?”

“షెడ్డుల చప్పుడు మస్తుంటది తమ్మీ” అన్నాడాయన.  ముందు బాలలక్ష్మి నవ్వింది. తర్వాత నిరంజన్ నవ్వాడు. ఈసారి ఆ నవ్వుకు ఓంప్రకాశ్ ఏమీ అనుకోలేదు. నీళ్లు కూడా ముట్టనన్న మనిషి ఆ రోజు మూడుసార్లు కూర వేయించుకున్నాడు.

నిర్ధారణ నెలనెలా ఉంటుందని కంపెనీ తెలియజేసింది. కాబట్టి రెండో నెలా వచ్చాడు, మూడో నెలా వచ్చాడు. మమతారాణి ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. “గీ బస్సు కిరాయిలు పెడితె తలా ఒక ప్లాన్ వస్తది గద.”

“రూల్ అంటే రూలే!” అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒకేసారి. అంత ఒకేసారి వాళ్లు బటన్ కూడా ఎప్పుడూ నొక్కలేదు.

నాలుగో నెలలో ఘోరం జరిగింది. ‘వినియోగదారుల అభ్యర్థన మేరకు ఒకే అడ్రస్ నిబంధనను రద్దు చేస్తున్నాము. ఇకపై ఎవరూ ఎక్కడికీ రానక్కర్లేదు.’

చూశారా ఎంత అన్యాయమో! రేటు రెట్టింపు చేశారు, కట్టాం. డబ్బిచ్చి తెచ్చుకున్న పాటలకు తాళం వేశారు, ఊరుకున్నాం. మనకు పనికొచ్చిన రూలు మొత్తానికి ఒక్కటంటే ఒక్కటుంటే, దాన్ని తీసేశారు. మరి రూలు పోయింది కదా, రేటేమైనా తగ్గించారా? ఆ ఒక్క విషయంలో మాత్రం ఏ వినియోగదారుడి అభ్యర్థనా వాళ్లకు చేరలేదట!

మెసేజ్ నలుగురు సభ్యులకూ ఒకే నిమిషంలో వచ్చింది. ఓంప్రకాశ్ షెడ్డు బయట నిలబడి చదివాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఈసారి చెల్లెలికి చేయలేదు. నేరుగా బోథ్‌కే చేశాడు.

“తమ్మీ, గీ ఆదివారం కూడ చెకింగ్ ఉన్నదట.”

అవతల దుకాణంలో ఎవరో యూరియా ధర అడుగుతున్నారు. నిరంజన్ ఆ ధర చెప్పి పంపించాడు.

“ఔనన్నా” అన్నాడు తర్వాత. “నాకు కూడ వచ్చింది మెసేజ్. ఈసారి ఐదింటికి కాదట, పొద్దుగాల్నే ఉండాల్నట.”

“గట్లయితే శనివారమే వచ్చి పండాలె. కింద చిన్న అక్షరాలల్ల రాసిండ్లు, మంచిగ చూడు.”

“చూసిన” అన్నాడు నిరంజన్. “పిల్లలను కూడ తోలుకరమ్మని ఉన్నది.”