వీరవేణి గారింటి ఇడ్లీలు

రెండో శనివారం పొద్దున్నే ఆరింటికల్లా యెహెజ్కేలు మాస్టారు భార్య సారికను వెంటబెట్టుకుని కొవ్వూరు రేవులో పడవెక్కారు. గోదావరి మధ్యలో ఉన్న చినపిట్టలంకకు వెళ్లడం, ఏట్లో చేపలు తిని బతికే నీటికుక్కల్ని చూడటం, ఫొటో తీసుకుని సాయంత్రానికి ఇల్లు చేరడం, ఇదీ పథకం. సరదా ప్రయాణమని సారికతో అన్నారు గానీ అసలు సంగతి వేరు. ఆయన ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెబుతారు. "నీటికుక్కని మీరు చూశారాండి సార్?" అని మొన్న ఓ పిల్ల అడిగితే, లేదనడానికి మొహమాటపడి "బోలెడుసార్లు" అనేశారు. "అయితే ఫొటో చూపించండి సార్" అంది పిల్ల. సోమవారం తెస్తానన్నారు. నలభై మంది పిల్లల ముందు పరువు దక్కాలంటే ఇవాళ నీటికుక్క కనబడి తీరాలి.

"తొమ్మిది దాటితే గడ్డిలో దూరిపోతాయండి. మళ్లీ ఎప్పుడొస్తాయో వాటిష్టం," అన్నాడు పడవ నడిపే బంగార్రాజు. లంకలో దింపి, రేవు పక్కనున్న పెంకుటింటిని చూపించాడు. "అది వీరవేణి గారిల్లండి. అది దాటి చివరిదాకా వెళ్లి గడ్డి దగ్గర కూర్చోండి. నాలుగింటికి వస్తాను."

సగం దూరం నడిచారో లేదో పాపాయి అనే ఆవిడ తన ఇంటి ముందు దారికి అడ్డంగా నిలబడింది. "లంకకొచ్చి ఉత్త కడుపుతో వెళతారాండి? పొయ్యి మీద పెనం ఉంది, రెండట్లు వేసేస్తాను, రండి."

లంకల్లో రెండట్లంటే ఆరని, ఆపైన కాఫీ, ఆ వెనకే భోజనమని మాస్టారికి తెలుసు. అప్పటికే ఏడున్నర. వద్దంటే బాధపడుతుందని మొహమాటపడి, "ఇప్పుడే వీరవేణి గారింట్లో ఇడ్లీలు తిన్నామండి," అన్నారు.

పాపాయి మొహం మాడిపోయింది. "వీరవేణి ఇడ్లీలు వేసిందా?"

"మెత్తగా ఉన్నాయండి," అన్నారు మాస్టారు, మర్యాదకి.

ఆవిడ చెంగు దోపుకుని రేవు వైపు నడిచింది. వీరవేణి ఆవిడ తోడికోడలనీ, నడుం పట్టేసి వారం నుంచి మంచం దిగడంలేదనీ, పూటపూటా క్యారేజీ కట్టి పంపుతున్నది ఈ పాపాయేననీ మాస్టారికి ఎవరు చెబుతారు?

"ఎందుకండీ ఆ అబద్ధం?" అంది సారిక.

"అబద్ధం కాదు, మొహమాటం."

ఎనిమిదింపావుకి ఇద్దరూ గడ్డి పక్కన నక్కి కూర్చున్నారు. నీళ్లలో బుడగలు లేచాయి. ఏదో నల్లగా పైకి తేలబోతుండగా వెనకనుంచి గోల వినిపించింది. తేలబోయింది కాస్తా మునిగిపోయింది. ముందు పాపాయి, ఆ వెనక తన మొగుడు వీరబ్రహ్మం భుజం పట్టుకుని వంగిన నడుంతో వీరవేణి, ఆ వెనక పని మానుకొచ్చిన లంక జనం.

"మా ఇంట్లో మెత్తటి ఇడ్లీలు తిన్నది మీరేనాండి?" అంది వీరవేణి. "నేనెప్పుడు వేశానో కాస్త చెప్పండి. మంచమెక్కి దొంగనాటకం ఆడుతున్నానంటోంది మా అక్క."

నిజం చెప్పేయడానికి అదే సమయం. మాస్టారికి మళ్లీ మొహమాటం అడ్డొచ్చింది. "మీరు కాదండి. మాకు వడ్డించింది ఇంకొకావిడ," అన్నారు.

జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు. వీరవేణి నడుంనొప్పి మర్చిపోయి నిటారుగా లేచి మొగుడి వైపు తిరిగింది. "ఎవరండీ ఆ ఇంకొకావిడ?"

ఎప్పుడూ లేని ఆ 'అండీ' వినగానే వీరబ్రహ్మం రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకేం తెలీదే," అని, మాస్టారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "నేను మీకేం అపకారం చేశానండి?"

ఇక లాభం లేదని సారిక అందుకుంది. "మేమెక్కడా తినలేదండి. పాపాయి గారు పిలిస్తే ఆలస్యమవుతుందని మా ఆయన అలా అనేశారు. ఏమీ అనుకోకండి."

తోడికోడళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోట్లాట అక్కడే ఆగిపోయింది. "అంటే పొద్దున్నుంచీ ఖాళీ కడుపేనాండి?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. మాస్టారిని చెరో రెక్కా పట్టుకుని నడిపించుకెళ్లారు. ముందు అట్లు వేశారు, తర్వాత కాఫీ ఇచ్చారు, ఎటూ కదలనివ్వలేదు. పన్నెండింటికి పాపాయి ఇంటి వెనక, గోదావరి గట్టున, ఏటికి ఎదురుగా ఆకు వేసి చేపల పులుసు వడ్డించారు.

మాస్టారు తల వంచి కళ్లు మూసుకున్నారు. రోజూ రెండు ముక్కల్లో ముగిసే ప్రార్థన ఇవాళ సాగుతూనే ఉంది. ఆయనకి నిజంగానే సిగ్గేసింది. ఆడిన అబద్ధాలన్నీ దేవుడి దగ్గర వరసగా ఒప్పుకున్నారు, ఇకమీదట ఒక్కటీ ఆడనని మాటిచ్చారు. ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి సారిక ఫోను సంచిలో పెట్టుకుంటోంది.

తిరుగు పడవలో ఫొటో చూపించింది. పాపాయి చేపలు కడిగి పారేసిన చెత్త కోసం గట్టెక్కిన ఐదు నీటికుక్కలు. వాటికి నాలుగడుగుల దూరంలో, వాటికేసే తిరిగి, కళ్లు గట్టిగా మూసుకున్న మాస్టారు.

"పిలవొచ్చుగా?" అన్నారాయన.

"ప్రార్థన మధ్యలో ఎలా పిలుస్తానండి?" అంది సారిక.

సోమవారం ఆ ఫొటో బెంచీ బెంచీ తిరిగింది. పిల్లలు నోళ్లు తెరిచారు. చివరికి ఆ పిల్లే లేచి నిలబడింది. "మీరు కళ్లు మూసుకున్నారేంటండి సార్?"

మాస్టారికి దేవుడికిచ్చిన మాట గుర్తొచ్చింది. దాంతోపాటు మొహమాటమూ వచ్చింది. "మనిషి కళ్లలోకి చూస్తే అవి బెదిరిపోతాయమ్మా. అనుభవం ఉన్నవాళ్లు వాటిని కళ్లు మూసుకునే చూస్తారు," అన్నారు.

నలభై మందీ ఆ మాట నోట్సులో రాసుకున్నారు.