ఆగిన బస్సు శాసనం, పదకొండు సవరణలతో

మా టిల్లర్స్‌ఫోర్డ్ పట్టణంలో ఆగి ఉన్న స్కూలు బస్సును దాటి బండి నడపడం ఘోరమైన నేరమనీ, ఆ నేరానికి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేనంత కఠినమైన శిక్ష అమల్లో ఉందనీ, ఆ శిక్ష ఇప్పటిదాకా ఒక్కరికే పడిందనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆ ఒక్కరూ బస్సు నడిపే ఆవిడ.

నేను పట్టణ కోర్టులో గుమాస్తాను. తీర్పుల మీద ముద్ర గుద్దేది నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

వెర్నా స్టకీ ఇరవై ఆరేళ్ళుగా పద్నాలుగో నంబరు బస్సు నడుపుతోంది. ఉన్ని టోపీ, ఫ్లాస్కులో కాఫీ, నోట్లో పిప్పరమెంటు. బస్సు ఆపగానే ఎర్ర దీపాలు మిణుకుమంటాయి, డ్రైవరు పక్కనుంచి 'స్టాప్' అని రాసిన రేకు చెయ్యి బయటికి చాచుకుంటుంది. అది చూసి రోడ్డుకి రెండువైపులా బళ్ళన్నీ నిలిచిపోవాలి, పిల్లలు దాటేదాకా కదలకూడదు. లైసెన్సు పరీక్షలో ఈ ప్రశ్న తప్పకుండా ఉంటుంది. మా ఊళ్ళో దానికి తప్పు జవాబు రాసినవాళ్ళు ఈనాటి వరకూ లేరు. జ్ఞానానికి మాకు లోటు లేదు.

సెప్టెంబరులో ఒక మంగళవారం పొద్దున, మిల్ రోడ్డు మలుపు దగ్గర, ఏడేళ్ళ టిల్డీ ఫెంటన్ బస్సెక్కడానికి రోడ్డు దాటుతోంది. చేతుల్లో శనిగ్రహం ఉంది. పాత పేపర్లూ జిగురూ కలిపి సైన్సు క్లాసు కోసం తనే చేసింది. ఎర్ర దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. బూడిదరంగు ట్రక్కు ఒకటి పిల్లకీ బస్సుకీ మధ్యనుంచి దూసుకుపోయింది. పిల్లకేమీ కాలేదు. శనిగ్రహం వలయం మాత్రం ట్రక్కు అద్దానికి తగులుకుని దానితోపాటే వెళ్ళిపోయింది.

వెర్నా దిగి, పిల్లను ఎత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది.

"మిస్ వెర్నా, ఇప్పుడిది ఏ గ్రహం?" అంది టిల్డీ, ఒట్టి బంతిలా మిగిలినదాన్ని చూపించి.

"ఏదైతేనేం తల్లీ. నువ్వున్నావు కదా, చాలు."

టీచరమ్మ దాన్ని గురుగ్రహంగా స్వీకరించి మార్కులు వేసింది.

ఊరు భగ్గుమంది. మహిళా సంఘంవారు శనిగ్రహ సానుభూతి నిమిత్తం నడుమ చిల్లున్న డోనట్లు వేయించి పంచారు. చర్చి బయట బోర్డు మీద ఆ వారం బైబిలు వాక్యం తీసి, బస్సు ఆగితే ఆగమని అక్షరాలు పేర్చారు. ఆ వారం ఊళ్ళో బూడిదరంగు ట్రక్కులున్నవాళ్ళందరూ పక్క అద్దాలు శుభ్రంగా కడిగించుకున్నారు.

గురువారం మధ్యాహ్నం స్కూలు వ్యాయామశాలలో మహాసభ జరిగింది. మా మేయరు క్లిఫర్డ్ టటిల్‌గారు పరుపుల వ్యాపారి. ఊరి సుఖనిద్ర బాధ్యత రెండు విధాలా ఆయనదే. మైకు సర్దుకుని ఇలా సెలవిచ్చారు:

"సోదర సోదరీమణులారా! ఆగి ఉన్న బస్సును దాటేవాడు మనిషి కాడు! వాడు మన ఊరివాడు కానే కాడు! అయినా సరే, వాణ్ణి మన ఊళ్ళోనే పట్టుకుంటాం!"

చప్పట్లు ఆగలేదు. ఎనభై ఎనిమిదో నంబరు శాసనం పుట్టింది. వెయ్యి డాలర్ల జరిమానా, ఏడాదిపాటు లైసెన్సు రద్దు, తొంభై రోజుల జైలు, ఆపైన దోషి ఫోటో కిరాణా కొట్టు గుమ్మంలో అంటించడం. వృద్ధుల క్లబ్బు కార్యదర్శి ఉరిశిక్షను ప్రతిపాదించగా, అది పట్టణ పరిధిలోకి రాదని న్యాయ సలహాదారు విచారం వ్యక్తం చేశారు. బస్సు రేకు చేతికి ఆ పొద్దునే కెమెరా బిగించారు. సభకి వచ్చినవాళ్ళందరికీ 'బస్సు ఆగితే నేనాగుతా' అనే స్టిక్కర్లు పంచారు.

సభ మూడుంపావుకి ముగిసింది. మూడూ ఇరవైకి పద్నాలుగో నంబరు బస్సు పిల్లల్ని దింపడానికి మిల్ రోడ్డు మలుపులో ఆగింది. కెమెరా నలభై ఒక్క బళ్ళను ఫోటో తీసింది. వాటిలో ముప్పైమూడింటి వెనక స్టిక్కరు ఉంది. జిగురు ఇంకా ఆరలేదు.

సోమవారం కోర్టు కిటకిటలాడింది. న్యాయమూర్తి ఇమోజీన్ హాస్కెల్‌గారి పేరు జాబితాలో ఆరోది. తన కేసు వచ్చినప్పుడు ఆవిడ నిష్పక్షపాతంగా కుర్చీ దిగి, కింద నిలబడి, ఖాళీ కుర్చీకి తన వాదన వినిపించి, నాలుగు నిమిషాల తర్వాత మళ్ళీ పైకెక్కి అంగీకరించారు. నా పేరు పంతొమ్మిదోది. నా కారణం ఇక్కడ అప్రస్తుతం.

ముందుగా పళ్ళ డాక్టరు పెర్సివల్ లూమిస్ లేచాడు.

"జడ్జిగారూ, ఈ చట్టం బస్సుల్ని దాటేసే జనం కోసం కదండీ? నేను క్లినిక్‌కి వెళ్తున్నాను!"

ఈ తేడాని రికార్డులో నమోదు చేయమని న్యాయమూర్తి నాతో అన్నారు. చేశాను.

తర్వాత ఆగథా బ్రింక్‌మన్. డెబ్బై దాటిన మనిషి. చావు జరిగిన ఇంటికి మాకరోనీ వండి పట్టుకెళ్తోందట.

"వేడివేడిగా తీశానమ్మా. చల్లారితే ఆ చీజు గడ్డకట్టి చెప్పు అట్టలా అయిపోతుంది. ఏడుస్తున్నవాళ్ళకి అలాంటిది పెడతామా? నలుగురూ ఏమనుకుంటారు?"

న్యాయమూర్తి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ఆ తర్వాత హోరేస్ ఫెంటన్ లేచాడు. టిల్డీకి స్వయానా తాత.

"మనవరాలు బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండాలని తొందరపడ్డానండి."

"ఆ అమ్మాయి ఏ బస్సులో వస్తుంది?"

"పద్నాలుగులో."

"మీరు దాటింది?"

"పద్నాలుగునే."

"అయితే దానికంటే ముందే ఇల్లు చేరారన్నమాట."

"రెండు నిమిషాలు ముందే చేరానండి!"

కోర్టు ఆయన్ని అభినందించి కేసు కొట్టేసింది.

నలభై ఒక్కమందీ నిర్దోషులని తేలాక, మంచివాళ్ళు పొరపాటున ఇరుక్కోకుండా శాసనాన్ని సవరించాలని పట్టణ మండలి భావించింది. పనిమీద వెళ్తున్నవారికి ఇది వర్తించదని మొదటి సవరణ. వేడి వంటకం తీసుకెళ్తున్నవారికి వర్తించదని రెండోది. దాటుతూ క్షమాపణగా చెయ్యి ఊపినవారికి మూడోది. పిల్లలంటే నిజంగా ఇష్టమున్నవారికి నాలుగోది. దీనికి కాయితం అక్కర్లేదు, ముఖం చూస్తే తెలుస్తుంది. శాసనం చేసిన సభకి హాజరైనవారు ఇప్పటికే తగినంత బాధపడ్డారు గనక వారికి అయిదోది. సామాను కొట్టువాడు మూతగల ఇనప గిన్నెలు తెప్పించాడు. జనం మాకరోనీ నింపి పక్క సీట్లో పెట్టుకుని తిరగసాగారు. గిన్నె వేడిగా ఉంటే చాలు, మాకరోనీ ఎప్పటిదైనా ఫర్వాలేదని ఏడో సవరణ స్పష్టం చేసింది. కొత్త సంవత్సరానికల్లా సవరణలు పదకొండయ్యాయి. అన్నీ నా దస్తూరీతోనే రాశాను. దస్తూరీ బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

డిసెంబరులో వెర్నా మండలి సమావేశానికి వచ్చింది. చంకలో కెమెరా ఫోటోల కట్ట. ఉన్ని టోపీ తియ్యలేదు. ఒక్కొక్క ఫోటో బల్ల మీద పేకముక్కలా పరిచింది.

"ఈ చెయ్యి ఊపుతున్నవాడు డెనిస్. మూడో క్లాసులో కూడా ఇలాగే ఊపేవాడు, దిగాక నేను కనుమరుగయ్యేదాకా. ఈ పిల్ల మార్సీ. చీకటంటే భయం, గుమ్మం తెరుచుకునేదాకా దీపాలు ఆర్పొద్దనేది. క్లిఫ్, ఇది నువ్వు. నీ బూటు లేసు ఎన్నిసార్లు కట్టానో గుర్తుందా? వీళ్ళందరినీ నేనే రోడ్డు దాటించాను. ఒక్కణ్ణి కూడా పోగొట్టుకోలేదు. ఇప్పుడు మీ పిల్లల్ని దాటిస్తున్నాను. నాకు నలభై సెకన్లు ఇవ్వండి. అంతే, నలభై."

మండలి మౌనం పాటించింది. నలభై సెకన్లు కాదు గానీ, పదిహేను దాకా పాటించింది. మేయరుగారు లేచి ఆమె సేవలను కొనియాడి, ఒక శాలువా కప్పించి, తర్వాతి అంశానికి వెళ్ళారు. తర్వాతి అంశం పదకొండో సవరణ.

జనవరి మొదటి సోమవారం వెర్నా మామూలుగానే బస్సు తీసింది. మిల్ రోడ్డు మలుపులో బస్సుని ఎప్పటిలా పక్కన ఆపకుండా, నిదానంగా స్టీరింగు తిప్పి, రోడ్డుకి అడ్డంగా నిలబెట్టింది. అటు గోతికీ ఇటు గోతికీ మధ్య, పసుపుపచ్చ గోడలాగా. అప్పుడు దీపాలు వేసి తలుపు తెరిచింది. టిల్డీతోపాటు ఆరుగురు పిల్లలు నింపాదిగా రోడ్డు దాటి ఎక్కారు. ఒక పిల్లాడు మధ్యలో ఆగి మంచు ఉండ కూడా చేసుకున్నాడు.

అటు వరుసలో మొదటి కారు మేయరుగారిది. ఆయన దిగి మంచులో జారుకుంటూ వచ్చారు.

"వెర్నా! ఏంటిది? దారిలోంచి తియ్యి!"

"పిల్లలు ఎక్కుతున్నారు, క్లిఫ్."

"నాకు అర్జెంటు మీటింగుంది!"

"దేని గురించి?"

"బస్సు భద్రత గురించి!"

"అయితే నిలబడి చూడు నాయనా. అదే ఇది."

ఆ నలభై సెకన్లలో జరిగిన నష్టానికి అంచనా లేదు. పదిహేడు గిన్నెల మాకరోనీ చల్లారింది. ఒక పెద్దమనిషి కారు ఆపాల్సొచ్చేసరికి, ఆ కారు ఆగుతుందన్న సంగతి పదేళ్ళలో మొదటిసారి గమనించానని కన్నీళ్ళతో వాంగ్మూలమిచ్చాడు. వెర్నా ఆ వారమంతా ప్రతి మలుపులో అదే పని చేసింది. శుక్రవారం ఆమెను అరెస్టు చేశారు.

ఏ నేరం కింద అన్నది చిక్కయింది. దారికి అడ్డంగా నిలబడడం చిన్న తప్పు, దానికి శిక్ష చాలదు. న్యాయ సలహాదారు మూడు రోజులు పుస్తకాలు తిరగేసి తేల్చారు: బస్సు అడ్డంగా తిరిగినప్పుడు దాని ముందుభాగం, దాదాపుగా ఆగి ఉన్న తన వెనకభాగాన్ని దాటింది. కనక ఎనభై ఎనిమిదో శాసనమే వర్తిస్తుంది.

"మీ దగ్గర వేడి వంటకం ఏమైనా ఉందా?" న్యాయమూర్తి మృదువుగా అడిగారు.

"లేదు. పిల్లలున్నారు."

"దాటేటప్పుడు చెయ్యి ఊపారా?"

"రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి."

"అది మీకు ప్రతికూలం. పనిమీద వెళ్తున్నారా?"

"అదే నా పని."

"పనిమీద వెళ్ళడం వేరు, పని చేయడం వేరు," అన్నారు న్యాయమూర్తి. పదకొండు సవరణల్లో ఒక్కటీ ఆమెకి సరిపోలేదు. జరిమానా, లైసెన్సు రద్దు, తొంభై రోజులు, ఫోటో. ముద్ర గుద్దుతుంటే నా చెయ్యి కాస్త పక్కకి పోయింది. సగం ముద్రైనా చెల్లుతుందన్నారు.

జైలుకి కాయితాలు పట్టుకెళ్ళినప్పుడు ఆమెను చూశాను. ఎలా ఉందని అడిగాను.

"బావుందయ్యా. ఇక్కడ తలుపు తెరిచేదాకా అందరూ ఆగుతారు," అని నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి అడిగింది, "పిల్లలెలా వెళ్తున్నారు?"

నిజం చెప్పాను. ఆ బస్సు నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు. బస్సు షెడ్డులో ఉంది. తల్లిదండ్రులే ఎవరి పిల్లల్ని వాళ్ళు కార్లలో దింపుతున్నారు. పొద్దున స్కూలు ముందు మైలున్నర వరుస. అక్కడ అందరూ రోజూ ముప్పావుగంట ఆగుతారు. దానికెవరూ ఫిర్యాదు చేయలేదు, అడ్డంగా ఉన్నది తమ కార్లే గనక. కార్లు లేని ఇళ్ళ పిల్లలు పన్నెండుమంది మంచులో నడిచి వెళ్తున్నారు.

ఏప్రిల్లో వెర్నా విడుదలైంది. మర్నాడు పొద్దునే మిల్ రోడ్డు మలుపుకొచ్చి నిలబడింది. లైసెన్సు లేదు, బస్సు లేదు. చేతిలో పొడుగాటి తాడు. పన్నెండుమంది పిల్లలూ తలో ముడి పట్టుకున్నారు, వాళ్ళకి ముందు తాత కారు వద్దని వచ్చేసిన టిల్డీ, చివర వెర్నా. రోడ్డు దాటాల్సినచోట ఆవిడ ముందుకొచ్చి చెయ్యి చాచి నిలబడేది. కొందరు ఆగేవారు. ఆగనివాళ్ళని పేరు పెట్టి పిలిచేది. పేరు విన్నాక మరికొందరు ఆగేవారు. ఇది బస్సు కానందున శాసనం వర్తించదని మండలి వెంటనే తీర్మానించింది.

మే నెలలో రాష్ట్రంనుంచి కబురొచ్చింది. జనవరి మూడో వారంనుంచి టిల్లర్స్‌ఫోర్డ్‌లో ఆగిన స్కూలు బస్సును దాటిన కేసు ఒక్కటీ నమోదు కాలేదట. రాష్ట్రంలోనే అత్యంత సురక్షిత పట్టణంగా మాకు ఇత్తడి ఫలకం ఇచ్చారు. మేయరుగారు దాన్ని ఎత్తి పట్టుకుని, "కఠినమైన చట్టం ఉంటే సాధ్యం కానిదేదీ లేదు!" అన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. బాగా వినిపించేలాగానే కొట్టాను.

అప్పట్నుంచి మా విజయరహస్యం అడుగుతూ ఊరూరినుంచీ నా బల్ల మీదికి ఉత్తరాలొస్తున్నాయి. నాలుగువందలు దాటాయి. శాసనం ఒక పుట, సవరణలు పదకొండు పుటలు. శాసనం నకలు కావాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నిన్న వచ్చిన కవరు మీ ఊరినుంచే అనుకుంటాను. సంతకం చేయలేదు గానీ, 'చెయ్యి ఊపితే చాలునా, నవ్వడం కూడా తప్పనిసరా?' అన్న వాక్యం కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. అయ్యా, నవ్వడం తప్పనిసరి కాదు. సవరణల నకలు ఈ రోజు టపాలో పంపుతున్నాను.