రొండిలో దాగే పిడి

ఆంధ్రదేశపు రైతులకు ఈ రోజున అత్యవసరంగా కావలసింది చేతికి ఒదిగే రివాల్వర్ పిడి!

నవ్వకండి. విత్తనాల గురించి, ఎరువుల గురించి, గిట్టుబాటు ధర గురించి ఇన్నాళ్ళూ చాలామంది చాలా రాశారు. దానివల్ల ఏం ఒరిగిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పిడి గురించి మాత్రం ఒక్కరూ కలం కదపలేదు. ఆ లోటు పూడ్చే భారం చివరికి నా నెత్తిన పడింది. విసనకర్ర తప్ప మరో ఆయుధం పట్టి ఎరగనివాణ్ణి కాబట్టి, ఈ విషయం మీద ఏ పక్షమూ వహించకుండా మాట్లాడగలను.

రైతుకు రివాల్వర్ ఎందుకయ్యా అంటారా? ఆ ప్రశ్నకు జవాబు ఉప్పుకాలువపాళెంలో దొరుకుతుంది. నెల్లూరు జిల్లాలో తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే, రోడ్డు సన్నబడి సన్నబడి ఒక కల్వర్టు ఎక్కి దిగుతుంది. దిగిన చోటే ఆ ఊరు. అక్కడ విజయభాస్కర్ అనే రైతుకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి.

రొయ్యకు మేతకన్నా ముందు గాలి కావాలి. గుంటలో చక్రాలు తిరిగి, నీళ్ళు నురగలు కక్కితేనే దానికి ఊపిరి ఆడుతుంది. ఆ చక్రాలను తిప్పేవి ఏరియేటర్ మోటార్లు. అవి ఒక్క రాత్రి ఆగాయా, తెల్లారేసరికి గుంట నిండా రొయ్యలు తేలతాయి. మూడు నెలల చాకిరీ గట్టు మీద కుప్పగా పడుతుంది. అందుకే విజయభాస్కర్ ప్రాణం ఆయన ఒంట్లో కన్నా ఆ మోటార్లలోనే ఎక్కువగా ఉంటుంది.

మోటార్లలో రాగి తీగ ఉంటుంది. ఆ సంగతి దొంగలకూ తెలుసు.

మూడేళ్ళ కిందట ఒకే పంటలో మూడుసార్లు మోటార్లు పోయాయి. అదీ పట్టపగలు, పనివాళ్ళు అన్నాలకు పోయిన వేళ! మూడుసార్లూ ఆయన స్టేషన్‌కు పోయాడు. మూడుసార్లూ హెడ్ కానిస్టేబుల్ పెంచలకృష్ణ కుర్చీ వేసి, టీ తెప్పించి, ఎంతో మర్యాదగా ఒకే మాట చెప్పాడు.

"మా కాడ ఉండేది ఒక్క జీపన్నా. దానికీ టైర్లు అరిగిపోయుండాయి. మీ జాగర్తలో మీరుండాల."

ఎంత గొప్ప మాట! మనిషిని తన కాళ్ళ మీద తాను నిలబెట్టే మాట. మంచినీళ్ళు మనమే కొనుక్కుంటున్నాం. వీధి గుంతలు మనమే పూడ్చుకుంటున్నాం. ఇక దొంగను కూడా మనమే పట్టుకుంటే ప్రభుత్వానికి ఎంత విశ్రాంతి! ఇన్ని పనుల మధ్య పాపం దానికీ కాస్త తీరిక ఉండాలి కదా?

విజయభాస్కర్ ఆ మాటను మనసులో పెట్టుకుని లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. ఏడాదిన్నర తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. చెన్నైకి పోయి రివాల్వర్ కొనుక్కొచ్చాడు. "బయటికి మాత్రం కనపడకూడదన్నా. జనం చూసి భయపడినారంటే లైసెన్సు పోతాది" అని పెంచలకృష్ణ ముందే హెచ్చరించాడు.

చిన్న రివాల్వర్ అది. జేబు రుమాలు మడిచినంత. అక్కడే వచ్చింది తంటా. దానికున్న నల్ల ప్లాస్టిక్ పిడి ఎవరో సుకుమారమైన చేతులవారి కోసం చేసింది. విజయభాస్కర్ రెండు వేళ్ళు పట్టించేసరికి పిడి అయిపోయింది. చిటికెన వేలికి చోటు లేక, టీ కప్పు పట్టుకున్న పెద్దమనిషి వేలులాగా అది గాలిలో నిలబడింది. పైగా రొయ్యల రైతు చెయ్యి ఎప్పుడూ పొడిగా ఉండదు. ఉప్పునీళ్ళు, మేత జిడ్డు, చెమట. ఆ నున్నటి పిడి ఆయన చేతిలో కొర్రమీనులా జారిపోయేది.

పెట్టుకునే చోటు ఇంకో సమస్య. సినిమాల్లో అందరికీ కోటు ఉంటుంది. మన రైతుకు ఉండేది లుంగీ. లుంగీ కట్టినవాడు విలువైనదేదైనా నడుం దగ్గర మడతలో, అంటే రొండిలో, దోపుకోవలసిందే. బీడీ కట్ట, తాళాల గుత్తి, సెల్‌ఫోన్ అన్నీ ఉండే చోటే రివాల్వర్ కూడా కాపురం పెట్టింది.

మొదట రబ్బరు పిడి వేయించాడు. బ్రహ్మాండమైన పట్టు! తడి చేతిలో కూడా అంగుళం జారలేదు. కానీ రబ్బరుకు పక్షపాతం ఉండదు. చేతిని ఎంత గట్టిగా పట్టుకుందో, చొక్కానూ లుంగీనీ అంతే గట్టిగా పట్టుకుంది. ఒకరోజు గట్టు మీద, ఎవరూ లేరనుకుని, దొంగ ఎదురొచ్చినట్టు ఊహించుకుని విజయభాస్కర్ దాన్ని సర్రున బయటికి లాగాడు. రివాల్వర్ వచ్చింది. దాని వెంట లుంగీ కూడా వచ్చింది. ఊహించుకున్న దొంగ ఏమయ్యాడో గానీ, మేత చల్లే ఆడవాళ్ళు మాత్రం ఆనాటి నుంచి ఆ గట్టు ఎక్కే ముందు గట్టిగా దగ్గి మరీ వస్తున్నారు.

తర్వాత పెద్ద చెక్క పిడి తెప్పించాడు. నాలుగు వేళ్ళకు నాలుగు గాడులు. పట్టుకుంటే ఎంత హాయిగా ఉందంటే, అన్నం తినేటప్పుడు కూడా వదలబుద్ధి కాలేదు. అయితే ఆ హాయి రొండి దాటి జానెడు ముందుకు పొడుచుకొచ్చింది. ఊరి మొగలో టీ బంకు నడిపే ఎస్తేరమ్మ దాన్ని చూసి జాలిపడింది.

"ఏందన్నా, హెర్నియానా? సిగ్గుపడి దాచిపెట్టుకోబాక. మా తమ్ముడికీ ఇట్నే ఉండె. నెల్లూరులో ఆపరేషన్ చేసినారు. ఇప్పుడు బస్తాలు మోస్తా ఉండాడు."

ఆ రోజంతా ఆయన టీ బంకు వైపు తల తిప్పలేదు.

పాఠకులారా, ఇక్కడ కాస్త మనసు పెట్టండి. చేతికి ఒదిగే పిడి చొక్కా కింద దాగదు. చొక్కా కింద దాగే పిడి చేతికి ఒదగదు. ప్రపంచంలోని తుపాకీ నిపుణులందరూ ఈ ముడి విప్పలేక జుట్టు పీక్కుంటున్నారని విన్నాను. వాళ్ళెవరికీ హజరత్తయ్య తెలియదు, అదీ వాళ్ళ దురదృష్టం.

హజరత్తయ్య ఆ పాళెంలోనే వడ్రంగి. పడవలకు తెడ్లు, గొడ్డళ్ళకు కాములు, అంటే కర్ర పిడులు, చేయడం ఆయన పని. ఆయన రివాల్వర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు సర్దుకుని అడిగాడు.

"ఇది పట్టుకునేదానికా, దాచేదానికా, కాల్చేదానికా?"

"మూడిటికీ" అన్నాడు విజయభాస్కర్.

"మూడిటికీ ఒకే పిడి కుదరదు. ఇప్పటిదాకా ఎన్నిసార్లు కాల్చుంటావు?"

"ఒక్కసారి గూడా లేదన్నా."

"అయితే మొదటి రెండిటికీ చేస్తాలే."

హజరత్తయ్య పద్ధతే వేరు. గుంట గట్టు నుంచి బంకమట్టి ముద్ద తెప్పించి, తడి చేత్తో పిసికి పట్టుకోమన్నాడు. ఆ అచ్చును నీడలో ఆరబెట్టి, దాన్ని చూసుకుంటూ నల్లతుమ్మ చెక్క చెక్కాడు. ట్రిగ్గర్ వెనక ఖాళీని చెక్కతో నింపాడు. కింది మూల గుడ్డను పట్టకుండా గుండ్రంగా అరగదీశాడు. చిటికెన వేలు అడుగున మడిచి ఆనించుకోవడానికి చిన్న మెట్టు పెట్టాడు. వార్నిష్ మాత్రం వేయనన్నాడు. తెడ్డు పిడికి ఎవరైనా వార్నిష్ వేస్తారా, తడి చెయ్యి జారిపోదా అని ఎదురు ప్రశ్న వేశాడు. పిడి రొండిలో ఇమిడింది. చేతిలో ఒదిగింది. దసరాకు విజయభాస్కర్ భార్య గంగాభవాని దానికి పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసింది.

ఇంతలో ఎన్నికలొచ్చాయి.

ఎన్నికలొస్తే లైసెన్సు ఉన్నవాళ్ళంతా తమ ఆయుధాలను స్టేషన్‌లో అప్పగించి రావాలి. విజయభాస్కర్ అప్పగించాడు. పెంచలకృష్ణ రివాల్వర్ కొన్ననాటి రిజిస్టర్ తీసి చూసి, కనుబొమలు ముడిచాడు.

"ఇది ఆ రివాల్వర్ కాదన్నా."

"నంబరు అదే గదా!"

"నంబరు అదే. మా రిజిస్టర్లో నల్ల ప్లాస్టిక్ పిడి అని ఉండాది. ఇది కొయ్య పిడి. పైగా దీని మింద ఎర్రటి మరకలు ఉండాయి."

"కుంకుమ అబ్బయ్యా అది!"

"కుంకుమని మీరంటే చాలదు గదన్నా. పైవాళ్ళు అనాల."

కాగితం పైకి పోయింది. పై నుంచి ప్రశ్న కిందికి వచ్చింది. పిడి ఎందుకు మారింది? ఎర్రటి మరకలు ఎవరివి? చెప్పండి, మూడుసార్లు మోటార్లు పోతే కదలని జీపు ఇప్పుడేం చేసిందనుకుంటున్నారు? కొత్త టైర్లు వేసుకుని వచ్చింది! ఎస్సై వచ్చాడు. ఆయన పైఆయన వచ్చాడు. ఫొటోలు తీసే ఆయన వచ్చాడు. హజరత్తయ్య వాకిట్లో ఎండిన బంకమట్టి అచ్చును గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి పట్టుకుపోయారు. పసుపు ఏ కొట్లో కొన్నావని గంగాభవానిని రెండుసార్లు అడిగారు. నెలన్నరలో పదకొండుసార్లు జీపు ఊళ్ళోకి వచ్చింది.

ఆ నెలన్నరలో ఉప్పుకాలువపాళెంలో ఒక్క మోటారు పోలేదు. మోటారు సంగతి అటుంచండి, గట్టు మీద ఆరేసిన తుండుగుడ్డ కూడా పోలేదు. జనం తలుపులు తీసి పెట్టి నిద్రపోయారు. ఎస్తేరమ్మ బంకులో పోలీసువారికి టీతో పాటు బిస్కెట్లు కూడా ఖర్చయ్యాయి. ఎన్నడూ లేనిది విజయభాస్కర్ పంట ఎనభై రోజులు నిక్షేపంగా పెరిగింది. ఇంకో పది రోజులుంటే పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్ముకునే రోజు.

ఎన్నికలు అయిపోయాయి. మరకలు కుంకుమేనని పైవాళ్ళు తేల్చారు. రిజిస్టర్‌లో "నల్లతుమ్మ కొయ్య పిడి" అని దిద్దారు. రివాల్వర్ ఇంటికి వచ్చింది. జీపు రావడం మానేసింది.

సరిగ్గా అయిదో రోజు మధ్యాహ్నం, ఆకాశం మబ్బేసి, ఆకు కదలకుండా ఉక్కపోస్తున్న వేళ, విజయభాస్కర్ అన్నం తింటుంటే గుంటల వైపు నుంచి ట్రాలీ ఆటో చప్పుడు వినిపించింది. ఎంగిలి చేత్తో పరుగెత్తాడు. నాలుగో గుంట మోటార్లన్నీ ఆటోలో ఉన్నాయి. ఆటో కదిలింది. ఆయన చెయ్యి రొండిలోకి పోయింది.

పిడి అద్భుతంగా పనిచేసింది! లుంగీని పట్టలేదు, చొక్కాను తగలలేదు, కూరన్నం చేతిలో కూడా జారలేదు. చిటికెన వేలు తన మెట్టు మీద తాను కూర్చుంది. నాలుగు వేళ్ళూ ఒదిగాయి. చూపుడు వేలు ఒక్కటే ఒదగలేదు. ఆటో వెనక కూర్చున్న మనిషికి తన తమ్ముడి వయసుంటుందనిపించింది ఆయనకు. నాలుగు మోటార్ల కోసం మనిషిని కాలుస్తానా అనుకున్నాడు. రివాల్వర్‌ను మళ్ళీ రొండిలో దోపుకుని, గట్టు మీద కూలబడి, స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

"జీపు బయటికి పోయుండాదన్నా" అన్నాడు పెంచలకృష్ణ. "రేపు వచ్చి ఒక కంప్లయింటు రాసిచ్చి పోండి."

రేపటికి రొయ్యలుండవు. అసలే మబ్బు, గాలి లేదు. సాయంత్రానికే అవి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. గంగాభవాని గుంట వైపు ఒకసారి చూసింది. మొగుడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"సార్, నేను గంగాభవానిని. మా ఆయన రివాల్వర్ పిడి మళ్ళీ మార్చేసినాడు. ఈసారి మరకలు గూడా ఎక్కువగా ఉండాయి."

ఇరవై నిమిషాల్లో జీపు వచ్చింది. పెంచలకృష్ణతో పాటు ఇంకో ముగ్గురు. నలుగురూ రొప్పుతున్నారు. ఖాకీ చొక్కాలు చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయాయి.

"ఇంకా ముందే వచ్చేవాళ్ళం తల్లీ" అన్నాడు పెంచలకృష్ణ, టోపీ తీసి విసురుకుంటూ. "కల్వర్టు కాడ ఎవడో ట్రాలీ ఆటో వాడు ఓవర్‌లోడు ఎక్కించుకుని అడ్డం నిలబెట్టేసినాడు. ఎక్కలేకపోతా ఉండాది. మేం నలుగురం దిగి నెడితే గానీ పోలేదు. పాడు మోటార్లు, ఏం బరువు!"

విజయభాస్కర్ రొండిలోంచి రివాల్వర్ తీసి, పిడి ముందుకు వచ్చేలా పట్టుకుని ఇచ్చాడు. పెంచలకృష్ణ దాన్ని పట్టుకుని, బరువు చూసి, నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"ఇది ఆ పిడే గదన్నా? మార్చలేదే!" అని ఊపిరి పీల్చుకున్నాడు. "భలే ఒదిగింది చేతిలో. ఎవరు చేసినారో గానీ."

మోటార్లు దొరకలేదు గానీ, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు గంగాభవానికి నోటీసు వచ్చింది. పక్క గుంటల సుకుమార్ తన మోటార్లు రెండు విప్పి తెచ్చి, చీకటి పడకముందే బిగించబట్టి సగం పంట దక్కింది. మిగతా సగం తెల్లారేసరికి గట్టు మీద కుప్పగా పడింది.

కనుక రివాల్వర్ పిడి ఎంచుకునేవారికి నా సలహా ఇది. అరచెయ్యి నిండుతోందా, చొక్కాకు తగులుతోందా, తడికి జారుతోందా అని బుర్ర పాడుచేసుకోవద్దు. అవన్నీ కాల్చేవాళ్ళ బాధలు. మీ పిడి రిజిస్టర్‌లో రాసినదానికి భిన్నంగా ఉందా, లేదా? అదొక్కటి చూసుకోండి చాలు. భిన్నంగా ఉంటే మీ ఊరికి రక్షణ ఉన్నట్టే.

పాళెం జనం ఈ రహస్యం నాకన్నా ముందే కనిపెట్టారు. హజరత్తయ్య ఇప్పుడు తెడ్ల పని పక్కన పెట్టాడు. తుమ్మ, వేప, పనస, రకరకాల పిడులు కావాలని ఊళ్ళో పదకొండు మంది ఆయనకు పని చెప్పారు.

వాళ్ళలో పది మందికి రివాల్వర్ లేదు.